శోభనాద్రి మీద పోసిన దుమ్ము

నేను చదివింది చిలకలపూడి వీధిబడిలో, ఐదో తరగతి వరకే. అయినా పద్యం అప్పజెప్పడంలో నన్ను మించినవాడు బడిలో లేడని మా పంతులుగారు ఇన్‌స్పెక్టరుగారి ఎదుటే చెప్పారు. తరవాత రోల్డుగోల్డు పనిలో పడి సొంత కొట్టు పెట్టుకున్నాను. మా పేటలో నాటకానికి మొట్టమొదట మైకుసెట్టు తెప్పించింది నేనే. బందరు తాలూకాలో ఏ కథానాయకుడి రొమ్ము మీద పతకం మెరిసినా అది ఈ పున్నయ్య కొట్లో తయారైనదేనని నలుగురూ ఒప్పుకుంటారు.

ఇన్ని పతకాలు చేసిన నేను నా స్నేహితుడు శోభనాద్రికి ఒక్క పతకం చెయ్యలేదు. దుష్టుడి వేషం కట్టినవాడికి పతకం చదివించే ఆచారం మా వైపు లేదు. చదివించినా గుచ్చడానికి వేదిక ఎక్కే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆయన మీద పడింది దుమ్మే. ఆ దుమ్ము వల్ల ఆయన పెళ్ళి ఆగిపోబోయిన సంగతి తెలిసినవాళ్ళం ఇద్దరు ముగ్గురం మిగిలాం కనక రాసిపెడుతున్నాను.

శోభనాద్రిది పెదన. నేతవారి పిల్లవాడు. మగ్గం గుంటలో కాళ్ళు పట్టనంత పొడుగు పెరగడంతో తండ్రి విసిగిపోయి అద్దకం పనిలో పెట్టాడు. ఇనపముక్కలూ బెల్లమూ కలిపి ఊరబెట్టిన నల్లరంగులో అచ్చు ముంచి బట్ట మీద అద్దే పని అది. ఆ నలుపు గోళ్ళలోంచి ఎన్నిసార్లు కడిగినా పోదు. ఒత్తుగా కలిసిపోయిన కనుబొమలు, ఆ నల్లగోళ్ళు, ఆ నిలువు చూసి మా నాటక సమాజం వాళ్ళు కుర్రతనంలోనే కరణం వేషం కట్టించారు. ఆ రోజు నుంచి కరణం, వడ్డీవ్యాపారి, అల్లుణ్ణి గెంటేసే మామ, ఇవి తప్ప వేరే వేషం ఎరగడు.

ఒకసారి పట్టుబట్టి మంచి అన్నగారి వేషం అడిగి తీసుకున్నాడు. రిహార్సలులో "అమ్మా, అన్నం తిన్నావా?" అన్నాడో లేదో, తల్లి వేషం కట్టినవాడు కిసుక్కున నవ్వి, "ఆ అన్నంలో ఏం కలిపావురా బాబూ?" అన్నాడు. అంతటితో ఆ ముచ్చట తీరిపోయింది.

ఆ రోజుల్లో బందరులో ఆదివారం పొద్దుటాటకి ఇంగ్లీషు బొమ్మలు వేసేవారు. నేనూ, శోభనాద్రీ, దర్జీ పిచ్చేశ్వరరావూ, మిషన్ లైబ్రరీలో పనిచేసే సత్యానందంగారూ, నలుగురం క్రమం తప్పకుండా వెళ్ళేవాళ్ళం. మాలో ఇంగ్లీషు తెలిసింది సత్యానందంగారు ఒక్కరికే. మాకు భాషతో పనేముంది? మేము వెళ్ళేది ఒక బ్రిటిషు నటుడి కోసం. ఆయన పేరు నోరు తిరక్క పిల్లికళ్ళ దొర అని పెట్టుకున్నాం. ఏ బొమ్మలో చూసినా ఆయన దుర్మార్గుడే. ఆఖరున చావాల్సిందే. ఆట అయిపోయాక మా కొట్లో కూర్చుని సాయంత్రం దాకా ఆయన గురించే వాదించుకునేవాళ్ళం.

"ఆ చూపులో విషముందయ్యా. అట్టాంటివాడు ఇంట్లో పెళ్ళాన్ని కొట్టకుండా ఉంటాడా?" అనేవాడు పిచ్చేశ్వరరావు.

"మరి నువ్వు పెళ్ళికొడుకులకి చొక్కాలు కుడతావు. నీకు రోజూ పెళ్ళవుతోందా?" అనేవారు సత్యానందంగారు.

"చొక్కా వేరు, చూపు వేరు. చొక్కా నేను కుడతాను. చూపు ఎవడు కుట్టాడు?"

శోభనాద్రి ఈ వాదనల్లో నోరు విప్పేవాడు కాదు. ఓ రోజు మాత్రం అన్నాడు. "బావా, ఒకటి గమనించావా? ఆ దొర అరవడు. అవతలివాడు ఎంత అరిస్తే తను అంత తగ్గుతాడు. మనం అరిచి అరిచి జనాన్ని చెవులు మూసుకునేట్టు చేస్తున్నాం. ఆయన చెవులు రిక్కించేట్టు చేస్తున్నాడు."

ఆ మాట శోభనాద్రి వేషాన్ని మార్చేసింది. అంతవరకూ మా వైపు కరణం వేషమంటే మీసం మెలేసి, తొడ చరిచి, ఇంటికప్పు ఎగిరిపోయేట్టు నవ్వడమే. శోభనాద్రి నవ్వడం మానేశాడు. విధవరాలిని ఇంట్లోంచి వెళ్ళగొట్టే సన్నివేశంలో కండువా మడత సరిచేసుకుంటూ, పక్కింటావిడ్ని మజ్జిగ అడిగినంత మెత్తగా, "పొయ్యి ఆర్పేసి వెళ్ళమ్మా, చూరుకి నిప్పంటుకుంటుంది" అనేవాడు. ఆడవాళ్ళు ఘొల్లుమనేవాళ్ళు. గుడివాడ పోటీల్లో ఆ వేషం కట్టిన మర్నాడు స్టేషను దగ్గర కాఫీ హోటలువాడు ఈయన మొహం చూసి, ముందు పెట్టిన గ్లాసు వెనక్కి తీసేసుకున్నాడు. "నీకు పతకం చేస్తాను శోభనాద్రీ, ఆచారం లేకపోతే మానె" అన్నాను నేను. "ఆ లాక్కున్న గ్లాసు చాల్లే బావా" అన్నాడు.

ఆ మరుసటి వేసవిలో దివిసీమలో, అవనిగడ్డ అవతల ఓ పల్లెలో నాటకం వేశాం. మైకు దగ్గర నేనే ఉన్నాను. కరణం "పొయ్యి ఆర్పేసి వెళ్ళమ్మా" అనగానే ముందు వరసలోంచి ఓ ముసలావిడ లేచింది. రెండు చేతులా దుమ్మెత్తి వేదిక మీదికి పోసింది. మెటికలు విరుస్తూ, "నీ గడపలో ఉయ్యాల ఊగదురా! నీ ఇంట దీపం పెట్టే దిక్కుండదురా!" అని శపించింది. కళ్ళలో దుమ్ము పడినా శోభనాద్రి కండువా దులుపుకుని, అదే మెత్తని గొంతుతో తరవాతి మాట అందుకున్నాడు. జనం నిర్ఘాంతపోయారు. ఈ చేత్తో ఇన్ని నాటకాలు ఆడించాను, అంతటి ఘట్టం మళ్ళీ చూడలేదు.

మరుసటేడు శోభనాద్రికి సంబంధం వచ్చింది. నేతవారే. దివిసీమ. అప్పయ్యగారనే పెద్దమనిషి కూతురు హైమావతి. తల్లి లేని పిల్ల. పెంచి పెద్దచేసింది నాయనమ్మ నాంచారమ్మ. పెళ్ళిచూపులకి నేనూ వెళ్ళాను. పిల్ల వచ్చి చాప మీద కూర్చుంది. తల వంచుకోవాల్సింది పోయి శోభనాద్రి చేతుల వంక చూసి, "ఆ నలుపు సీకాయకి పోదాండీ?" అంది. "పోదండీ. వంటినిండా ఉండదు లెండి, గోళ్ళదాకానే" అన్నాడు ఈయన. అందరం నవ్వాం. శోభనాద్రి అంత సిగ్గుపడటం నేను ఏ వేదిక మీదా చూడలేదు.

అప్పుడు నాంచారమ్మగారు పానకం చెంబుతో లోపల్నించి వచ్చింది. శోభనాద్రి మొహం చూసింది. చెంబు అక్కడే దించి, మాటా పలుకూ లేకుండా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఆవిడే ఆ దుమ్ము పోసిన ముసలావిడ.

మర్నాడు కబురు. సంబంధం వద్దని.

"మా అమ్మ మాటకి ఎదురుచెప్పలేనండీ. ఎందుకు వద్దంటే చెప్పదు. ఏడుస్తుంది" అన్నారు అప్పయ్యగారు. ఎందుకో అడగాలా? ఆవిడ కళ్ళకి మా శోభనాద్రి అచ్చం ఆ కరణమే అయ్యాడనుకున్నాం. శోభనాద్రి తన రంగుల పెట్టె తెచ్చి నా కొట్లో పెట్టేశాడు. "వేషం మానేశానని చెప్పు బావా. ఆ పిల్లని తప్ప చేసుకోను" అన్నాడు. ఆ మాట మోసుకుని నేనే వెళ్ళాను. నాంచారమ్మగారు అంతా విని, "మానితే మాత్రం?" అని ఊరుకుంది.

ఉపాయం నాది. కార్తీకంలో మా చిలకలపూడి పాండురంగస్వామి దర్శనానికి అప్పయ్యగారు తల్లిని తీసుకొచ్చారు. మా ఇంట్లో దింపుకున్నాను. ఆదివారం పొద్దుటాటకి పిల్లికళ్ళ దొర బొమ్మ ఉంది. తెల్లవాళ్ళ దేశంలో కూడా వేషం వేరు, మనిషి వేరని ఆవిడకి కళ్ళారా చూపిద్దామని నా ఎత్తు. మా ఆవిడ రత్నకుమారి ఆవిడ్ని ఆడవాళ్ళ బెంచీల్లో కూర్చోబెట్టింది.

అది సముద్రం కథ. దొర ఓడకి పెద్ద. బిగించిన కోటు, నిటారుగా నిలబడటం, నెమ్మదిగా మాట్లాడటం. కథానాయకుడేమో సీసాలు సీసాలు తాగుతాడు, పెళ్ళికాని పిల్లని పట్టుకుని ముద్దులు పెడతాడు. ఆఖరికి దొర తెరచాప కొయ్య మీంచి పడి చచ్చాడు. హాలంతా ఈలలు. ఆడవాళ్ళ వైపు నుంచి మాత్రం, "అయ్యో, ఆ పద్ధతైన మనిషిని చంపేశార్రా! ఆ తాగుబోతు సచ్చినోడు బతికాడు!" అని గట్టిగా వినిపించింది. నాంచారమ్మగారే. పిచ్చేశ్వరరావు నవ్వాపుకోలేక బెంచీ కిందికి జారిపోయాడు.

ఇంటికొచ్చి అందరం అరుగు మీద కాఫీ తాగుతుండగా నేను ఆవిడకి విడమరిచి చెప్పాను. "ఆయనే దుర్మార్గుడు మామ్మగారూ. కానీ అదంతా వేషం. బయట పెద్దమనిషే. మా శోభనాద్రీ అంతే."

ఆవిడ గ్లాసు కింద పెట్టి నా వంక అదోలా చూసింది. "ఏరా పున్నయ్యా, నాకు ఆ మాత్రం తెలియదనుకున్నావా? ఆ కుర్రాడు బంగారం. మా పిల్ల అడిగిన దానికి ఎంత మర్యాదగా చెప్పాడు! వాడు చెడ్డోడని నేనెప్పుడన్నాను?"

"మరి వద్దన్నారు?"

"దుమ్ము పోసింది నేను. మెటికలు విరిచి, నీ గడపలో ఉయ్యాల ఊగదన్నది నేను. ఆ గడపలోకే నా పిల్లని పంపమంటారేంట్రా? నా నోటిమాట నా మనవరాలి కడుపుకే తగలదూ?"

అప్పయ్యగారు తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. ఇన్నాళ్ళూ మేము ఆవిడ్ని అమాయకురాలనుకుంటున్నాం. ఆవిడేమో తను పెట్టిన శాపాన్ని తనే మోసుకు తిరుగుతోంది. ఎంతమంది పెద్దల తగవులు తీర్చానో లెక్కలేదు. ఈ తగవుకి నా దగ్గర తీర్పు లేకపోయింది.

అప్పుడు పిచ్చేశ్వరరావు అందుకున్నాడు. "తిట్లకేముంది మామ్మా, ఆ దొరని తిట్టనోడెవడు? ఇందాక నేను హాల్లో నీ వంశం నాశనం కానూ అన్లేదూ? ప్రతి బొమ్మకీ అంటాను."

ముసలావిడ చటుక్కున అతనివైపు తిరిగింది. "ఒక్క నువ్వేనా, అందరూ తిడతారా?"

"దేశదేశాల వాళ్ళూ తిడతారండీ" అన్నారు సత్యానందంగారు.

"మరి ఆయనకి పిల్లలున్నారా?"

ఆ దొర చూపు గురించి, నడక గురించి, ఆయన చచ్చే తీరు గురించి ఏళ్ళ తరబడి వాదించుకున్న మేము ఈ ప్రశ్న ఒక్కనాడూ వేసుకోలేదు. సత్యానందంగారు కళ్ళజోడు తుడుచుకుని నెమ్మదిగా అన్నారు. "ఉన్నారండీ. నలుగురు. మా లైబ్రరీకొచ్చే ఇంగ్లీషు పత్రికలో ఫొటో వేశారు. ఓ పిల్లని భుజాన ఎక్కించుకుని గులాబీలకి నీళ్ళు పోస్తున్నారు. పక్కన తోపుడుబండిలో చంటిబిడ్డ."

"నిజం చెబుతున్నావా నాయనా?"

"ప్రభువు సాక్షి మామ్మగారూ. నేను అబద్ధమాడను."

ఆవిడ కింద పెట్టిన గ్లాసు మళ్ళీ తీసుకుని రెండు గుక్కలు తాగింది. తనలో తను అనుకున్నట్టు అంది. "అయితే వేషంలో ఉన్నోణ్ణి తిడితే అది చొక్కాకి తగులుద్దిగానీ ఒంటికి తగలదన్నమాట." మళ్ళీ నా వంక తిరిగి, "వాడు వేషం మానేశాడన్నావే, మానొద్దని చెప్పు. మానితే నా తిట్టు ఎక్కడికి పోవాలి? ఆ కరణం ఉంటేనే గదా అది ఆ వేషాన్ని పట్టుకు వేలాడేది!" అంది.

ఆ సాయంత్రమే రంగుల పెట్టె చంకలో పెట్టుకుని పెదన వెళ్ళాను. కాలవలో అద్దకం బట్టలు జాడిస్తున్న శోభనాద్రి, నేను చెప్పింది విని, మోకాళ్ళలోతు నీళ్ళలో అట్లాగే నిలబడిపోయాడు. చేతిలో బట్ట వదిలేశాడు. అది కొట్టుకుపోతుంటే ఇద్దరం గట్టు వెంట పరుగెత్తాం.

మాఘంలో పెళ్ళయింది. మరుసటేడు అదే పల్లెలో అదే నాటకం వెయ్యమని అడిగారు. శోభనాద్రి వద్దన్నాడు. హైమావతికి ఐదో నెల. నాంచారమ్మగారే కబురు పెట్టింది, వచ్చి తీరాలని. ముందు వరసలో మనవరాల్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. కరణం "పొయ్యి ఆర్పేసి వెళ్ళమ్మా" అన్నాడు. ఊరంతా ఆవిడ వైపు చూసింది. ఆవిడ లేచింది. దుమ్మెత్తి పోసింది. "నీ చేతులు పడిపోనూ! నీ నోట మన్ను పడా!" అని మెటికలు విరిచింది. హైమావతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

తెర దిగాక ఆవిడ వెనక్కి వచ్చింది. రంగు మొహంతో ఉన్న శోభనాద్రి బుగ్గలు రెండు చేతులా నిమిరి, ఆ చేతులే తన కణతలకి ఆనించి మళ్ళీ మెటికలు విరిచింది. ఈసారి దిష్టి తీసినట్టు.

"మామ్మా, అన్నీ తిట్టావుగానీ ఉయ్యాల మాట మింగేశావే. నాకు తగలదని నువ్వేగా తేల్చావు?" అన్నాడు శోభనాద్రి, కండువాలోంచి దుమ్ము దులుపుకుంటూ.

"నీకు తగలదని తెలుసులేరా" అంది ఆవిడ. "ఆ మాట ఆ కరణానిక్కూడా వద్దు. ఎంత చెడ్డోడైతే మాత్రం, పిల్లలేం చేశారు?"