సాక పోసిన ట్రేలు

లాల్‌దర్వాజా వాళ్ల లెక్కలో మహేశ్వరి దోమల మందు కొట్టే మనిషి. నిజానికి ఆమె పని దోమల్ని బతికించడం. మొఘల్‌పురాలో ఒక పరిశోధన సంస్థ అద్దెకు తీసుకున్న మేడగదిలో తెల్లటి ట్రేలలో నీళ్లు పోస్తుంది. లార్వాలకు, అంటే నీళ్లలో మెలికలు తిరిగే దోమ పిల్లలకు, చేపల మేత పొడి చల్లుతుంది. రెక్కలొచ్చాక వలగుడ్డ పంజరంలోకి వదులుతుంది. ఏడేళ్లుగా ఇదే కొలువు, ఏటేటా కాంట్రాక్టు. ఈసారిది నెలాఖరుకు అయిపోతుంది.

సోమవారం పొద్దున మైక్రోస్కోప్ దగ్గర్నుంచి డాక్టర్ మైథిలి పిలిచింది. భీమవరం నుంచి వచ్చి ఈ పరిశోధన నడుపుతున్న శాస్త్రవేత్త ఆమె.

"ఇలా వచ్చి చూడు మహేశ్వరీ. పూస తెల్లగానే ఉంది."

పూస సంగతి మహేశ్వరికి తెలుసు. దోమ ఒంట్లోకి సూదితో కంటికి ఆనని పూసను ఎక్కిస్తారు. రోగాన్ని తట్టుకునే శక్తి ఉన్న దోమ, బయటి నుంచి వచ్చిన ఆ పూస మీద నల్లటి పొర కప్పేస్తుంది. దబీర్‌పురా పేట నుంచి తెచ్చిన దోమల్లో పూసలు నల్లబడ్డాయి. లాల్‌దర్వాజా దోమల్లో అరవైకి యాభై రెండు తెల్లగానే ఉండిపోయాయి.

"మీ పేట దోమకు పోట్లాడే సత్తా తక్కువన్నమాట. డెంగీ వైరస్ దాంట్లో ఇంకా బాగా పెరగొచ్చు. గురువారం మీటింగ్‌లో ఇదే చెబుతాను."

"మంచిదే మేడం," అని మహేశ్వరి ట్రేలు కడగబోయింది. కడిగినవే మళ్లీ కడిగింది.

మూడు వారాల కింద, బోనాలప్పుడు, లాల్‌దర్వాజా నుంచి తెచ్చిన లార్వాలు వాటి ఆరు ట్రేలలోనూ వరసగా చచ్చాయి. ఎందుకో అంతుపట్టలేదు. మైథిలి ఊళ్లో లేదు. ఆదివారం అత్త నాగమణమ్మ బోనమెత్తి గుడి నుంచి వచ్చాక, మహేశ్వరి మేత వేయడానికి గదికి పోతూ చెంబులో సాక పట్టుకుపోయింది. అమ్మవారికి పోసే పసుపు, వేపాకు నీళ్లు. దండం పెట్టుకుని ట్రేకు ఒక దోసెడు పోసింది. మర్నాటికి చావులు తగ్గాయి. రిజిస్టర్లో రాయలేదు. మొక్కు కూడా రాస్తారా ఎవరైనా?

వేపనూనె రాసుకుని గదిలోకి రావద్దని, పురుగుల ఒంట్లో రోగాన్ని తట్టుకునే శక్తిని వేప దెబ్బతీస్తుందని మైథిలి ఎప్పుడో చెప్పిన మాట పూస తెల్లగా కనబడ్డాకే గుర్తొచ్చింది.

సాయంత్రం అత్త ముందు బయటపెట్టింది. "అత్తమ్మా, బోనాలనాడు సాక తీస్కపోయిన గదా. దోమల ట్రేలల్ల పోసిన."

నాగమణమ్మ చిక్కుడుకాయలు తుంచడం ఆపింది. "ఎందుకే?"

"చస్తున్నయని."

"పేటంతా రోగాలు రావొద్దని నేను మొక్కితే, దోమలు సల్లగుండాలని నువ్వు మొక్కినవా? ఏం కోడలివే!" ముసలామెకు నవ్వు ఆగలేదు.

"నవ్వకు. మేడం లెక్కంత నా వల్లనే తప్పయ్యిందేమో. చెప్తే కొలువు పోతది."

"చెప్పకుంటే?"

"మన పేట దోమలు గిట్లని అబద్ధం అచ్చయితది."

"అయితే కానీ. మన పేరేమన్న పెడ్తరా? ఏడేండ్ల కొలువు, నోర్మూస్కొని ఉండు."

మంగళవారం మహేశ్వరి మూడుసార్లు మైథిలి బల్ల దాకా పోయింది. ఒకసారి చాయ్ తేవాల్నా అని అడిగింది. ఒకసారి ఫ్యాన్ తగ్గించాల్నా అంది. మూడోసారి చీపురు పట్టుకొచ్చింది. ఇంటికెళ్లే దారిలో తన స్టాప్ దాటిపోయి వెనక్కి నడిచింది.

బుధవారం మైథిలి మీటింగ్‌కి స్లయిడ్లు సిద్ధం చేసుకుంటూ కంప్యూటర్ ఇటు తిప్పింది. "చూడు, లార్వా సేకరణ, పెంపకం అని నీ పేరు వేశాను."

మహేశ్వరి తన పేరును రెండుసార్లు చదివింది. "అది తీసేయుండ్రి మేడం."

"అదేంటి?"

"ఆ ట్రేలల్ల నేను సాక పోసిన."

"సాకంటే?"

"పసుపు, వేపాకు నీళ్లు. అమ్మవారివి."

మైథిలి కళ్లద్దాలు తీసింది. "ఎన్ని ట్రేలలో?"

"నాలుగిట్ల. తర్వాత చెంబు ఖాళీ అయ్యింది."

"మిగతా రెండు?"

"వాటిల్ల పోయలే. గానీ రెక్కలొచ్చినంక ఆరు ట్రేలల్లయి ఒక్క పంజరంలనే ఇడిసిన."

"అయితే ఏ దోమ ఏ ట్రేదో ఇక చెప్పలేం."

"చెప్పలేం మేడం."

"బుద్ధుందా నీకు? ఆర్నెల్ల పని!"

"చస్తుంటే చూడబుద్ధి కాలే."

మైథిలి ఫోన్ తీసి, రేపు తన ప్రసంగం ఉండదని ఎవరికో రెండు ముక్కల్లో చెప్పింది. అవతల ఎందుకని అడిగారు కాబోలు, "పొరపాటు జరిగింది, మా దగ్గరే" అంది. తర్వాత ఇటు తిరిగింది.

"మెమో ఇస్తాను. కాంట్రాక్టు ఏడాదికి రాయలేను, మూడు నెలలకే. వేపనీళ్లవి, ఉత్త నీళ్లవి విడివిడిగా మళ్లీ పెంచాలి. నువ్వే పెంచాలి. రిజిస్టర్ తే. తేదీ, ట్రే నంబర్లు, ఎంత పోశావో అన్నీ రాయి."

మహేశ్వరి రాసింది. ట్రేకు ఒక దోసెడు.

"దోసెడంటే ఎన్ని మిల్లీలీటర్లు?"

ఆమెకు తెలియదు. మైథిలి కొలత గాజుపాత్రను బల్ల మీద పెట్టింది. మహేశ్వరి బకెట్లోంచి దోసిట్లో నీళ్లు తీసి అందులో పోసింది. తొంభై. మళ్లీ పోసింది. అరవై అయిదు. వేళ్ల సందుల్లోంచి నీళ్లు కారుతున్నాయి.

"ఇంకోసారి," అంది మైథిలి.