మలుపులో ఆగని బస్సు

డ్రైవర్ బాబాయ్ పోయాడని మా అమ్మ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పింది. "ఎక్కడికి?" అన్నాను. తప్పు పూర్తిగా నాది కాదు. ఆయన విషయంలో పోయాడంటే మాచర్ల పోయాడనో, గురజాల పోయాడనో అర్థం. ఇంకా రాలేదంటే దారిలో టైరు పంచరయిందని అర్థం. చిన్నప్పటి నుంచి నా చెవికి అలాగే అలవాటు. అమ్మ ఏడుస్తూనే, "ఎక్కడికేందే, నీ మొహం! పోయాడు" అంది. అప్పుడు గానీ నాకు తెలిసి రాలేదు.

ఆయన మాకు చుట్టం కాదు. మా ఇంటికి రెండో ఇల్లు. ఎర్రబస్సు నడిపేవాడు కాబట్టి ఊరందరికీ డ్రైవర్ బాబాయ్. ఆయనకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా బాబాయ్ అనే పిలిచేవాళ్లు. మా ఊరు పిడుగురాళ్ల నుంచి గురజాల వెళ్లే వైపు, రోడ్డు మీదే ఉంటుంది. పేరు మాత్రం రాయను. రాస్తే, ముందు ఎవరి గురించి రాశావని రెండు వర్గాల వాళ్లూ ఫోన్ చేస్తారు.

బస్సు దిగినా ఆయనలోంచి బస్సు దిగేది కాదు. ఇంట్లో వరండాలో కూడా ఎడమ పక్కనే నడిచేవాడు. ఎదురుగా పిన్ని, అంటే ఆయన భార్య, అన్నం గిన్నె పట్టుకుని కుడివైపు వస్తే ఆగిపోయి, "నీ సైడు నువ్వు రావే" అనేవాడు. ఎవరి బండి వెనకైనా ఎక్కితే రెండు కాళ్లతో గాల్లో బ్రేకులు తొక్కేవాడు. దిగేసరికి నడిపినవాడికంటే ఆయనే ఎక్కువ అలిసిపోయేవాడు.

నాకు పెళ్లి సంబంధం వచ్చినప్పుడు మావాళ్లు చదువు, ఉద్యోగం, పొలం అడిగారు. బాబాయ్ మాత్రం వీధి చివర నిలబడి పెళ్లికొడుకు బండి మీద రావడం చూశాడు. లోపలికొచ్చి, "మన సందులోకి తిరిగేటప్పుడు కూడా ఇండికేటర్ ఏశాడు. ఎవురూ చూడట్లేదని తెలిసి ఏశాడు. పిల్లనియ్యొచ్చు" అని తేల్చాడు. పదహారేళ్లయింది. ఆ మనిషి గురించి నాకు ఫిర్యాదులు చాలానే ఉన్నాయి గానీ, ఇండికేటర్ విషయంలో మాత్రం ఒక్కటీ లేదు.

ఇదంతా చాదస్తమని నేనూ నవ్వేదాన్ని. కానీ ఆ చాదస్తం వల్లే నేనివాళ రెండు కాళ్లతో నడుస్తున్నాను. ఆ సంగతి చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా ఊళ్లో బస్సు ఒకప్పుడు మలుపులో ఆగేది. మొదటి వర్గం పెద్దాయన తన తండ్రి పేరు మీద బస్ షెల్టరు కట్టించాడు. ఆయన పొలం మలుపులో ఉంది కాబట్టి షెల్టరూ మలుపులోనే లేచింది. ఆ రోడ్డు మీద సున్నపురాయి లారీలు వరసపెట్టి తిరుగుతాయి. వెనక నుంచి వచ్చే లారీకి ఆగిన బస్సు కనిపించేది ఆఖరి నిమిషంలోనే. అప్పటికి ఆపలేక, లారీవాడు బస్సు పక్కనుంచి దూసుకుని ముందుకు పోయేవాడు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా ఒక సాయంత్రం బడి నుంచి వచ్చి దిగాను. దిగీ దిగగానే బస్సు ముందు నుంచి రోడ్డు దాటబోయాను. బాబాయ్ హారన్ మీద చెయ్యేసి తియ్యలేదు. ఆ మోతకు బిత్తరపోయి వెనక్కి పడ్డాను. లారీ నా ఎడమ చెప్పు మీదుగా వెళ్లిపోయింది. చెప్పు అప్పడమైంది. కాలు అందులో లేదు, అంతే.

బాబాయ్ దిగి వచ్చాడు. కొడతాడనుకున్నాను. ఆయన నా రెండు పాదాలూ పట్టుకుని, వేళ్లన్నీ ఉన్నాయో లేదో చూసి, అక్కడే రోడ్డు మీద కూలబడ్డాడు. "నేనే గదే ఇక్కడ ఆపింది" అన్నాడు. ఆయన కళ్లనీళ్లు నేను చూడటం అదే మొదలు, అదే ఆఖరు.

మర్నాటి నుంచి ఆయన బస్సు మలుపులో ఆగలేదు. తిన్నగా ముందుకెళ్లి పాలకేంద్రం దగ్గర ఆగేది. అక్కడ రోడ్డు అటూ ఇటూ బారుగా కనిపిస్తుంది. షెల్టరులో కూర్చున్నవాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని, తిట్టుకుంటూ బస్సు వెనక పరిగెత్తేవాళ్లు. "మా నాయన పేరున్న షెల్టరు కాడ ఆపవా? మా నాయనంటే లెక్కలేదా?" అని పెద్దాయన పంచాయితీ పెట్టించాడు. బాబాయ్ చేతులు కట్టుకుని, "మీ నాయనంటే చానా గౌరవం. అందుకే ఆయన కాడికి ఇంకెవుర్నీ పంపటం ఇష్టంలేదు" అన్నాడు.

ఫిర్యాదు డిపోకి వెళ్లింది. చెప్పినచోట ఎందుకు ఆపడం లేదని మెమో వచ్చింది. జవాబు బాబాయ్ చెబితే నేనే రాశాను, నాది గుండ్రటి దస్తూరి. ఒకటే వాక్యం: "మలుపులో బస్సు ఆపను, కావాలంటే నన్ను ఆపండి." ఆ ఉద్యోగం పోతే ముగ్గురు పిల్లలతో ఆ ఇల్లు ఎలా నడుస్తుందోనని పిన్ని వారం రోజులు సరిగా అన్నం తినలేదు. చివరికి ఒక ఆఫీసరు స్వయంగా చూడటానికి వచ్చాడు. మలుపులో నిలబడి బాబాయ్‌కి నిబంధనలు చెబుతుండగానే ఒక లారీ వచ్చింది. ఆఫీసరు ఎగిరి షెల్టరులో పడ్డాడు. ప్యాంటు దులుపుకుని, "ఊరివాళ్లు రాసిస్తే మార్చొచ్చు" అన్నాడు.

సరే, అర్జీ రాసే పని మళ్లీ నాకే పడింది. మా వైపు బస్సు ఆగే చోటుని స్టేజి అంటారు. బాబాయ్ చెబుతున్నాడు: "పాలకేంద్రం ముందు మాకొక స్టేజి కావలెను."

"బస్సు స్టేజి అని రాయనా బాబాయ్?"

"స్టేజంటే బస్సుదే. డ్రైవరు అడిగేది బస్సు స్టేజి కాక పెళ్లి స్టేజా? రాయి."

రాశాను. ఊరంతా సంతకాలు పెట్టింది. ఒక కాపీ డిపోకి, ఒకటి రెండో వర్గం పెద్దాయనకి ఇచ్చారు. అసలే ఎన్నికల ముందు రోజులు. ఆయనకి అర్జీ చాలా నచ్చింది. నెల తిరక్కుండా పాలకేంద్రం ముందు కంకర దిగింది, సిమెంటు దిగింది, మేస్త్రీలు దిగారు. షెల్టరు కాబోలనుకున్నాం. తీరా చూస్తే ఉపన్యాసాలిచ్చుకునే స్టేజి! రెండు మెట్లు, నున్నటి గచ్చు, పక్కన పెద్దాయన పేరుతో పాలరాయి. నడుమెత్తు కట్టాల్సింది, కాంట్రాక్టరు పుణ్యమా అని మోకాలెత్తుకే ఆగింది.

బాబాయ్ దాని చుట్టూ ఒక రౌండు కొట్టాడు. నా వంక చూశాడు. "నేను బస్సు అని రాస్తానన్నాను" అన్నాను. "నోరుముయ్" అన్నాడు.

మర్నాడు పొద్దున బస్సుని దాని పక్కకి జానెడు దూరంలో తెచ్చి ఆపాడు. స్టేజీ, బస్సు ఫుట్‌బోర్డూ సరిగ్గా ఒక ఎత్తు! మోకాళ్ల నొప్పులతో ఆరునెలలుగా ఊరు దాటని మా నాయనమ్మ గుమ్మం దాటినంత తేలిగ్గా బస్సెక్కేసింది. ఎక్కి, "ఎవుడోగానీ బుద్ధిమంతుడు కట్టాడు" అని దీవించింది. తర్వాత డిపో నుంచి కాగితం కూడా వచ్చింది, స్టేజి ఉన్నచోటే బస్సు ఆపవలెనని. మొదటి పెద్దాయన అలిగాడు. "షెల్టరు కూకోటానికి, స్టేజి ఎక్కటానికి. ఇద్దరిదీ పనికొచ్చింది" అని బాబాయ్ సర్దిచెప్పి, మైలు దూరం నుంచే హారన్ కొట్టడం మొదలుపెట్టాడు. షెల్టరులో నీడపట్టున కూర్చున్నవాళ్లు అది విని, తీరిగ్గా లేచి నడిచొచ్చేవాళ్లు.

మరుసటి ఏడు నేను చదువుకి నరసరావుపేట హాస్టల్లో చేరాను. తర్వాత పెళ్లయి సత్తెనపల్లిలో స్థిరపడ్డాను. బాబాయ్ ఎప్పుడు రిటైరయ్యాడో కూడా సరిగా గుర్తులేదు. దానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఆయనకి నేను ఒక్కసారైనా కృతజ్ఞత చెప్పలేదు. చెబితే "ముందు సీటుబెల్టు పెట్టుకో" అనేవాడు, అది వేరే సంగతి.

పెదకర్మకి వెళ్తే బాబాయ్ ఆఖరి రోజు సంగతి పిన్ని చెప్పింది. గుండెల్లో నొప్పని అంబులెన్సు ఎక్కిస్తే, డ్రైవరు సైరన్ వేసుకుని వేగంగా పోతున్నాడట. ఈయన ఆక్సిజన్ గొట్టం పక్కకి లాగి, "నాకేం తొందర లేదు నాయనా. మలుపు వస్తంది, మెల్లగా పో" అన్నాడట. చెబుతూ పిన్ని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేనూ ఆమె పక్కన కూర్చుని అదే పని చేశాను.

సాయంత్రం తిరుగు బస్సు కోసం వచ్చి పాలకేంద్రం అరుగు మీద కూర్చున్నాను. పిడుగురాళ్ల నుంచి బడి పిల్లల బస్సు వచ్చింది. ఐదారుగురు దిగారు. దిగినవాళ్లు ఇళ్లకి పోలేదు, రోడ్డూ దాటలేదు. స్టేజి మీద వరసగా నిలబడి చేతులెత్తి బస్సుకి టాటా చెబుతున్నారు. పక్కనున్న పిల్లని అడిగాను.

"బస్సులో మీవాళ్లున్నారా?"

"లేరు."

"మరి ఎవరికి టాటా?"

"బస్సుకి. అది కనపడకుండా పోయిందాకా చెప్పాల. లేకపోతే రేపు రాదంట."

"ఎవరు చెప్పారు?"

"మా అక్క."

"మీ అక్కకి?"

"ఏమో. మా ఊళ్లో ఇట్టాగే."

నేను బడికెళ్లే రోజుల్లో ఈ టాటా లేదు, దిగీ దిగగానే రోడ్డు దాటేవాళ్లం.

బస్సు కదిలింది. దాని వెనకే, అంతసేపూ కనపడని సున్నపురాయి లారీ దుమ్ము లేపుకుంటూ దూసుకుపోయింది. పిల్లలెవరూ దాన్ని పట్టించుకోలేదు. వరస చివర ఇంకా చిన్నపిల్ల ఒకతి, చెయ్యి నొప్పి పుట్టి కిందికి దించబోయింది. పక్కనే ఉన్న వాళ్లక్క ఆ చెయ్యి పట్టుకుని మళ్లీ పైకెత్తింది.

"ఆగవే, ఇంకా కనపడతంది."