వంటింటి కింది పగులు

నేను నేల లోపలి ఆవిరితో కరెంటు తీసే కంపెనీలో ముప్పై ఒక్క ఆవిరి బావులు తవ్వించిన డ్రిల్లింగు మేస్త్రిని. చదివింది ఊరి బడిలో ఐదో తరగతి. అయినా పెద్ద ఇంజనీర్లు సైతం నన్ను అడిగాకే యంత్రం కదిలించేవారు. ఇక్కడ రాసేది మాత్రం నా చెల్లెలి మొగుడి సంగతి. పనివాళ్లు అతన్ని మట్టినాలుక అనేవారు.

బావిలోంచి పైకొచ్చిన రాతిముక్కలను కడిగి, నాలుక మీద పెట్టి చూడటం అతని పని. అంటుకుంటే బంకమన్ను. అగ్నిపర్వతం కింది వేడికి అదే మూత. మూత ఒక్కటీ చాలదు, దాని కింద పూడిపోని పగులుండాలి. ఆవిరి తిరిగేది అందులోనే. ఆ పగులు ఎటు పోతోందో పటం మీద గీసేదీ అతనే. ఇరవై ఏళ్లలో అతని గీత తప్పలేదు.

ఆ ఏడు వరసగా మూడు బావులు వట్టిపోయాయి. వేడి ఉంది, ఆవిరి లేదు. పగులు తెల్లరాయితో పూడుకుపోయిందన్నాడు మట్టినాలుక. ఇంకొక్కటి వట్టిపోతే పని మూసేస్తామంది కంపెనీ. రెండు వందల మంది పొట్ట అది.

ఆ ఆదివారం చెల్లెలింట్లో భోజనానికి కూర్చోబోతూ, చేతులు కడుక్కుందామని వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి ఆరిపోయి ఉంది. ఎర్రగచ్చు మీద మూరెడు వెడల్పు చార ఒకటి వట్టికాళ్లకు వెచ్చగా తగిలింది. దాని పొడుగునా తడిబట్టలు పరిచి ఉన్నాయి.

"ఎప్పట్నించే ఇది?"

"ఇల్లు కట్టినప్పట్నించీ అన్నయ్యా. చలికాలం ఇక్కణ్ణించి లేవబుద్ధి కాదు."

గడప అవతల అప్పటికే తింటున్న బావ చెయ్యి ఆపేశాడు.

"ఇంటి కిందికి రాకుండా గీత పక్కకి తిప్పావు కదూ?" అన్నాను.

"పదిహేనేళ్లు పట్టింది బావా ఈ ఇంటికి. చూడలేదనుకో."

"నా కాళ్లకి అబద్ధం చెప్పడం రాదు."

"చెల్లెలుందన్న సంగతీ తెలీదు కాబోలు నీ కాళ్లకి."

మర్నాడే ఆఫీసులో చెప్పాను. నెల తిరక్కుండా, అక్కడే బావి తవ్వాలని ఇల్లు పడగొట్టారు. చెల్లెలు సామాను బండెక్కించి, నా వైపు చూడకుండా వెళ్లిపోయింది. తప్పుడు గీత గీసినందుకు బావను పనిలోంచి తీసేస్తామన్నారు. ఆ బావి ముక్కలు చూడటానికి అంతటి నాలుక ఇంకెవరికీ లేదని నేనే పట్టుబట్టి ఉంచాను.

మొదటి గంపలో ఎర్రగచ్చు పెంకులొచ్చాయి. కడిగాడు. ఒకటి నాలుక మీద పెట్టుకున్నాడు. ముక్కలు దాచే సంచి మీద లోతు రాశాడు, అడుగున్నర. రాయి పేరు రాయాల్సిన చోట 'వంటిల్లు' అని రాసి నా చేతికిచ్చాడు.

కింద సంతకం పెట్టాను. నా ముప్పై ఒక్క బావుల్లో అంత ఆవిరి మరి దేంట్లోనూ రాలేదు.