మా ఎర్రగుట్ట ఏప్రిల్‌లో పచ్చబడ్డ కథ

చూపుడువేలు ఎంత ప్రమాదకరమైనదో తెలియాలంటే నన్ను అడగండి. దాన్ని పక్కవాడి వైపు చూపిస్తే గొడవలొస్తాయని పెద్దలు చెప్పారు. ఫోన్ మీద పెట్టి కాస్త కుడివైపుకు జరిపితే ఇంటిముందు టెంపో నిండా బర్రెలు దిగుతాయని మాత్రం ఏ పెద్దమనిషీ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ ఎండాకాలం మా నాన్న నాతో మాట్లాడేవాడు, మా అమ్మ తన అన్న ముందు తలెత్తుకుని తిరిగేది, నేను కోడి కూయకముందే లేచి గడ్డిమోపులు మోసేవాణ్ని కాదు. జరిగిందంతా చెబుతాను, నవ్వుకోండి. నా పరువు గురించి మీరు మొహమాటపడాల్సిన పని లేదు, అందులో చాలా భాగాన్ని బర్రెలు అప్పుడే నమిలేశాయి.

అప్పట్లో నేను బీదర్‌లో ఒక ఫోటో స్టూడియోలో పెళ్లి ఫోటోలు సరిచేసేవాణ్ని. సరిచేయడమంటే చామనఛాయ పెళ్లికొడుకును సున్నం కొట్టినట్టు తెల్లగా చేయడం, మొటిమలు మాయం చేయడం, ముఖం మాడ్చుకుని నిలబడ్డ మేనత్తను అసలు ఫోటోలోంచే తప్పించడం. ఆల్బం చూసి "ఇది మేము కాదు" అని తిరిగి ఇచ్చిన పెళ్లివారు ఒక్కరూ లేరు. దాంతో ఈ లోకంలో దేన్నైనా సరిచేసేయగలనన్న పొగరు తలకెక్కింది. మనుషుల పని అయిపోయింది కాబట్టి ప్రకృతి మీద పడ్డాను.

ప్రకృతి అంటే పెద్దగా ఊహించుకోకండి. మా ఇల్లు బీదర్ శివారు చిద్రిలో. అక్కడి నుంచి కొంచెం ముందుకు పోతే మా చేను, చేను వెనక ఒక గుట్ట. మా వైపు మట్టి ఎరుపు, రాయి ఎరుపు, ఎండాకాలం మనుషుల కళ్లు కూడా ఎరుపే. వానలు పడ్డాక ఆ గుట్టలే పచ్చగా కళ్లకు చల్లగా ఉంటాయి, కాదనను. కానీ నేను ఫోటో తీసింది ఏప్రిల్‌లో. గుట్ట మీద ఎండిపోయిన గడ్డి పరకలు, ముళ్లకంప, దిక్కుతోచని కొన్ని మేకలు, అంతే సరుకు.

ఫోన్‌లో రంగుల గీత మీద వేలు జరిపి, ముందు పసుపును ఆకుపచ్చ చేశాను. సరిపోలేదు. ఎరుపును కూడా ఆకుపచ్చ చేశాను. గుట్టను పైకి సాగదీసి పర్వతం చేశాను. దాని నెత్తిన పొగమంచు కప్పాను. ఒక జలపాతం కూడా పెట్టాను గానీ, అది సరిగ్గా మా మోటారు షెడ్డు మీద నుంచి దూకుతుండటంతో నాకే సిగ్గేసి తీసేశాను. నాకూ కొన్ని నీతినియమాలు ఉన్నాయని ఇక్కడ మీరు గమనించాలి. ఈలోగా మేకలు చింతచిగురు రంగుకు తిరిగాయి. వాటినీ తుడిచేశాను. దూరపు కొండలు నునుపు అంటారు కదా, నేను దగ్గరి గుట్టను కూడా నున్నగా చేసి పైన పచ్చిక పరిచేశాను. "మా చేను, మా గుట్ట" అని పేరు పెట్టి స్టేటస్‌లో పెట్టుకుని, పొగడ్తల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను.

మొదటి పొగడ్త మల్లయ్య మామ నుంచి వచ్చింది. మామ మా అమ్మకు అన్న. హుమ్నాబాద్ అవతల ఊళ్లో ఉంటాడు. బర్రెలే ఆయన బతుకు, హైవే మీది హోటళ్లకు పాలు పోస్తాడు. ఆ ఏడు ఆయన బోరు ఎండిపోయింది, ఊళ్లో మేత లేదు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసినా, పొగడ్త కోసం చెవులు రిక్కించి కూర్చున్నవాడికి మరో మాట వినపడుతుందా?

"అల్లుడా, నీ ఫోటో చూసిన. గది మీ చేను వెనకాల గుట్టనే గదా?" అన్నాడు.

అదేనన్నాను.

"ఏప్రిల్ల గంత పచ్చగెట్లున్నది?"

ఇక్కడ కాస్త ఆగండి. దేవుడు నాకోసం తలుపు బార్లా తెరిచి పట్టుకున్నది ఇక్కడే. "రంగేసిన మామా" అనే రెండు ముక్కలు చాలు, ఈ కథ ఉండేది కాదు. కానీ కళాకారుడు తన గుట్టు తాను చెప్పుకుంటాడా?

"ఫోటోల తక్కువ కనబడ్తాంది మామా. ఎదురుంగ చూస్తే ఇంకింత పచ్చగుంటది" అన్నాను.

మంచిదే అల్లుడా అన్నాడు మామ. తర్వాత అమ్మ బాగోగులు అడిగి ఫోన్ పెట్టేశాడు. నా కళకు ఆయన దాసోహమన్నాడని మురిసిపోయాను.

మా వైపు ఒక పద్ధతి ఉంది. ఎండాకాలం ఒక ఊళ్లో మేత కరువైతే, మేత ఉన్న ఊళ్లోని చుట్టాల దగ్గరికి పశువులను తోలుకుపోతారు. ముందుగా అడగరు, అడిగితే చుట్టరికానికే తక్కువ. వచ్చినవాళ్లను కాదనకూడదు, కాదంటే ఆ మాట మనవళ్ల దాకా నిలిచిపోతుంది. ఈ పద్ధతి నాకు ఉగ్గుపాలతోనే తెలుసు. అయితే అది నిజంగా గడ్డి మొలిచిన ఊళ్లకే గానీ, నా ఫోన్‌లో మొలిచిన గడ్డికి కూడా వర్తిస్తుందని తట్టలేదు.

వారం తిరగకముందే ఒక పొద్దున మా వాకిట్లో టెంపో ఆగింది. ముందు సీట్లోంచి మామ దిగాడు, భుజాన కొత్త తువ్వాల, ముఖం నిండా నవ్వు. వెనకనుంచి ఒకదాని తర్వాత ఒకటి బర్రెలు దిగాయి. వాటికీ ఏదో ఆశ చెప్పి తెచ్చినట్టున్నాడు, దిగుతూనే నాలుగు దిక్కులా చూశాయి.

నాన్న అప్పుడే మా ఆవుకు నీళ్లు పెడుతున్నాడు. ఏంది బావా కథ అని అడిగితే, వానలు పడేదాకా మేపుకుపోదామని వచ్చానని మామ తీరిగ్గా చెప్పాడు. ఎక్కడ మేపుతావన్నా అని అమ్మ అడిగింది. మామ నా వైపు గర్వంగా చూసి, ఫోన్ తీసి నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని దూరం పెట్టి చూశాడు, దగ్గర పెట్టి చూశాడు. ఏ ఊరి గుట్ట ఇది అన్నాడు. నీదే బావా అన్నాడు మామ.

"నా గుట్ట మీద గింత గడ్డుంటే, నా ఆవు గోడలకున్న పోస్టర్లెందుకు తింటది బావా?" అన్నాడు నాన్న.

ఆ తర్వాత అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. బర్రెలు కూడా తిరిగాయని నా అనుమానం.

మామ నమ్మలేదు. అల్లుడు అబద్ధమాడడన్న ధీమాతో ఒక బర్రెను పట్టుకుని గుట్ట దగ్గరికి నడిచాడు. నేను వెనకే నడిచాను, ఉరికంబం దగ్గరికి పోయేవాడు కూడా అంతకంటే హుషారుగా నడుస్తాడు. గుట్ట ముందు నిలబడి మామ ఫోన్‌ను చూశాడు, గుట్టను చూశాడు, మళ్లీ ఫోన్‌ను చూశాడు. ఇక దాచి లాభం లేక, ఆ పసుపును ఇట్లా జరిపానని, ఆ ఎరుపును అట్లా జరిపానని వేలితో గాల్లో చూపించి చెప్పాను. తిడతాడనుకున్నాను. ఒక రాయి మీద కూర్చున్నాడు.

"కామెర్లోనికి లోకమంత పచ్చగ కనబడ్తదంటరు. నీకు కామెర్లొచ్చినయనుకుందం, మరి నాకెందుకు గట్ల కనబడ్డది అల్లుడా?" అన్నాడు. తువ్వాలతో ముఖం తుడుచుకుని, "మిగిలిన చొప్పంత పక్కింటోళ్లకు ఊకెనే ఇచ్చేసి వచ్చిన. మాకేంది, మేం పచ్చగడ్డి మీదికి పోతున్నమని చెప్పి ఇచ్చిన" అన్నాడు.

అప్పుడు నా పొగరంతా ఒక్కసారిగా దిగిపోయింది. ఆయన వెనక్కి పోతే బర్రెలకు పెట్టడానికి పరక కూడా లేదు. మేత లేకపోతే పాలు లేవు, పాలు లేకపోతే మామ ఇల్లు గడవదు. ఇదంతా నేను పొగడ్త కోసం చేసిన పని. చాలా సిగ్గేసింది, కొంచెం ఏడుపు కూడా వచ్చింది.

మామ లేచి, ఫోన్‌ను బర్రె మూతి ముందు పెట్టాడు. "ఇగో తిను, అల్లుడు పెంచిన మేత" అన్నాడు. బర్రె ఫోటోను ఒకసారి మనసారా నాకింది. తర్వాత తల పక్కకు తిప్పుకుంది. నా కళ మీద ఈనాటి వరకూ వచ్చిన నిజాయితీ గల అభిప్రాయం అదొక్కటే.

ఇంట్లో నాన్న తీర్పు చెప్పాడు. మా చొప్పకుప్పను అన్ని పశువులకూ కలిపి వాడతాం, చాలనిది నేను తేవాలి. "పచ్చరంగేసినోడే పచ్చగడ్డి తెస్తడు" అన్నాడు. ఆ మాట నాతో కాదు, అమ్మతో. నాతో మాటలు బంద్.

ఏప్రిల్‌లో బీదర్‌లో పచ్చగడ్డి వెతకడమంటే బట్టతల మీద పేలు వెతకడమే. తిరగని చోటు లేదు. చివరికి మన్నాఏఖేళ్ళి పోయే దారిలో శాంతమ్మ అనే ఆవిడ చేను దొరికింది. ఆమె బోరులో నీళ్లున్నాయి, తన పశువుల కోసం వేసుకున్న గడ్డి మిగులుతోంది. గడ్డి ఇస్తే ఆమె ఇంట్లో ఎండాకాలం ఏ శుభకార్యం జరిగినా ఊరికే ఫోటోలు తీస్తానన్నాను. మనవడి పుట్టువెంట్రుకలు ఉన్నాయట, సరేనంది. కానీ ఒక షరతు పెట్టింది.

"మనుమడు నల్లగుంటడు, నల్లగనే రావాలె. నా బిడ్డ పెండ్లి ఫోటోలు బీదర్ల చేపిస్తే, దాన్ని గుర్తువట్టనీకి నాకే శానాసేపు పట్టింది. ఎవడు చేసిండో గని, వాని చేతులు పడిపోను."

ఏ స్టూడియో అని నేను అడగలేదు. చేతులు రెండూ జేబుల్లో పెట్టుకుని బుద్ధిగా తల ఊపాను.

ఇక రోజూ చీకటితో లేవడం, బండి మీద అంతదూరం పోవడం, గడ్డి కోయడం, నాకంటే పెద్ద మోపును వెనక కట్టుకుని రావడం. ఎదురొచ్చేవాళ్లకు గడ్డే బండి నడుపుతున్నట్టు కనిపించేది. తలలో గడ్డి పరకలతోనే స్టూడియోకు పోయేవాణ్ని. ఒక పెళ్లికూతురు తన ఫోటోలు చూసుకోవడానికి వచ్చి, పేడ వాసన ఎక్కడిదని ముక్కు మూసుకుంది. మా గల్లీలో నన్ను ఫోటో రాజు అనేవాళ్లు, గడ్డి రాజు అనడం మొదలుపెట్టారు. నేలమీద పచ్చగా కనిపించే ప్రతి పరక వెనక ఎన్ని నీళ్లు, ఎంత నడుంనొప్పి ఉంటాయో నా వెన్నెముకకు బాగా తెలిసొచ్చింది. పుట్టువెంట్రుకల ఫోటోల్లో ఆ పిల్లవాడు నేరేడుపండులా నిగనిగలాడాడు. శాంతమ్మ చూసుకుని, మురిసి, ఒక మోపు ఎక్కువిచ్చింది.

మిరుగం కార్తె వచ్చింది, వానలు పడ్డాయి. జూలైకల్లా మా గుట్ట నిజంగానే పచ్చబడింది. బర్రెలు కడుపు నిండా మేసి, పాలకు కొదవ లేకుండా ఉన్నాయి. నాన్న నాతో మళ్లీ మాట్లాడాడు, గొడ్లకాడ పేడ తియ్యమని. తమ ఊళ్లో కూడా గడ్డి లేచిందని తెలిసి మామ బయలుదేరాడు. పోయేముందు గుట్ట మీద బర్రెలతో ఒక ఫోటో తియ్యమన్నాడు.

తీశాను. ఏ రంగూ ముట్టుకోలేదు. ఉన్నది ఉన్నట్టు, కడిగిన ముత్యంలా వచ్చింది. మంచివాడినయ్యానన్న తృప్తితో మామకు చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు.

"పచ్చ జర తక్కువైంది అల్లుడా."

"గిదే అసలు రంగు మామా. నేనేం ముట్టలే."

"గదే చెప్తున్న. జర ముట్టు."

నాకేమీ అర్థం కాలేదు. మామ గొంతు తగ్గించాడు.

"అల్లుడు ఉత్తుత్త ఫోటో పెడితే నమ్మి వచ్చిన్నని ఊళ్లె ఎట్ల చెప్పాలె? నీ ఇజ్జత్ గూడ సూడాలె గదా. బర్రెలు నడుములోతు గడ్డిల తిరుగుతున్నయని ఎండాకాలమంత ఫోన్ల చెప్పిన. నీ ఏప్రిల్ ఫోటో అందరికి పంపిన. ఇప్పుడు గిది పంపితే, ఎండల కంటె వానల పచ్చ తక్కువెట్లున్నదని అడుగరా?"

నా పరువు కాపాడటానికి ఆ ముసలాయన ఎండాకాలమంతా నాకంటే పెద్ద అబద్ధాలు చెప్పాడన్నమాట. ఆయన చేయి పట్టుకున్నాను. ఆ చేతిని అట్లాగే పట్టుకోనిచ్చి, మిగిలిన మాట కూడా చెప్పేశాడు.

"ఇంకోటి. వచ్చే ఎండాకాలం మా గల్లీ బర్రెలన్నిటిని ఈడికే తోలుకొస్తమంటున్నరు. మా బావ కాదనడు, రాండ్రని చెప్పిన."

కాబట్టి బర్రెలు సాక్షిగా, చొప్పకుప్ప సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీద ఎండిన గుట్టను ఎండినట్టే చూపిస్తాను. ప్రాణం పోయినా ఆకుపచ్చ గీత మీద వేలు పెట్టను. పొగడ్త కోసం ఫోన్‌లో పరక కూడా మొలిపించను. ఈ ప్రమాణం, మామకు కావలసినంత పచ్చ కలిపి ఆ జూలై ఫోటో ఆయనకు పంపించిన మరుక్షణం నుంచి అమల్లో ఉంది.