దొరకు వినబడని తిట్లు

కోయంబత్తూరు పక్క సింగనల్లూరు మిల్లు కూలీల లైనిండ్లలో ఆరాయి నోటికి జడవని మనిషి లేడు. రీలింగులో నూలు చిలపలు చుట్టే నలభై మంది ఆడవాళ్లలో ఆమె గొంతు ఒక్కటే యంత్రాల మోతను దాటుకుని గేటు దాకా వినబడేది. కానీ ఒక సంగతి ముందే చెప్పేయాలి. ఆరాయి తిట్టిందంటే ఇష్టం ఉన్నట్టే. ఇష్టం లేని వాళ్లతో ఆమె అసలు మాట్లాడదు. కూతురు పెళ్లిపీటల మీద కూర్చుని ఉంటే ఎదురుగా నిలబడి, "థూ, మాడిన దోసె మాదిరి ఉండాది మొకం" అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లందరికీ కళ్లు చెమర్చాయి. మాటల్ని వదిలేసి గొంతును వినాలని వాళ్లకు తెలుసు. బిడ్డను నోరారా పొగిడితే దిష్టి తగిలి పోతుందని ఆమె తల్లి చెప్పింది, తల్లికి అమ్మమ్మ చెప్పింది. ఆ ఇంట్లో మూడు తరాలుగా ఎవరూ ఎవర్నీ బాగున్నావని అనలేదు.

మొగుడు మాయాండిది మగ్గాల షెడ్డులో పని. ఇరవై రెండేళ్లుగా నాలుగు మగ్గాల మధ్య నిలబడుతూ వచ్చిన మనిషి. మొదట్లో ఆమె తిట్టినప్పుడల్లా ఒకటో రెండో ఎదురు మాటలు అనేవాడు. ఈ మధ్య అదీ మానేసి, "ఆమా, ఆమా" అని అవునన్నట్టు తల ఊపి ఊరుకుంటున్నాడు. "రసంలో ఉప్పు ఎక్కువా, తక్కువా?" అని అడిగితే కూడా "ఆమా" అన్నాడు ఒకరోజు. ఎంత పొగరు అని ఆరాయి రెండు రోజులు రసమే కాయలేదు. అతను ఎందుకు కాయలేదని అడగనూ లేదు.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన మరుసటి ఏడు, వానాకాలంలో, ఒక తెల్ల కుక్కపిల్ల మాయాండి వెంటబడి మిల్లు గేటు నుంచి ఇంటికి వచ్చింది. ఒంటి మీద నల్లచుక్క అన్నది లేదు. ఆరాయి వంద పేర్లు పెట్టి పిలిచింది. అది ఒక్కదానికీ తల తిప్పలేదు.

"తెల్లగా ఉండాడు, పిలిస్తే పలకడు, మనం చెప్పేది చెవిన వేసుకోడు. దొర కాకపోతే మరి ఏమి?" అని తీర్పు చెప్పింది. మిల్లులో అప్పటికి ఇంకా ఒక తెల్లదొర ఉండేవాడు కాబట్టి లైనంతా పడీ పడీ నవ్వింది. కుక్కకు దొర అనే పేరు స్థిరపడిపోయింది.

దొర సంగతి మర్నాడు పొద్దున బయటపడింది. ఏడు కొట్టగానే మిల్లు సంగు ఊదేది. లైనులోని కుక్కలన్నీ మోరలెత్తి ఆ సైరనుతో పాటు ఊళ పెట్టడం రోజూ ఉన్నదే. దొర మాత్రం గోనెసంచి మీద పడుకుని గురక పెడుతున్నాడు. మాయాండి ఒక్క క్షణం చూసి, నేలను కాలితో తట్టాడు. కుక్క దిగ్గున లేచింది.

"పావం, దీనికి చెవుడు" అన్నాడు. అంత తొందరగా ఎట్లా కనిపెట్టాడో ఆరాయికి అప్పుడు అడగాలని తోచలేదు.

అసలు గొడవ అక్కడే మొదలయింది. ఆరాయి కంచంలో కూడు కలిపి, మీద ఎండుచేప ముక్క పెట్టి, గొంతులో తేనె పోసుకుని, "దా రా దరిద్రుడా, మింగి చావు" అని పిలిచేది. ఆ తేనె దొరకు ఎట్లా చేరుతుంది? అతనికి కనబడేది ముడిపడిన కనుబొమలు, ఉరిమే కళ్లు, ఆడించే గరిటె. తోక కాళ్ల సందున దోపుకుని మంచం కిందికి దూరేవాడు. మాయాండి కనబడితే మాత్రం పొర్లి పొర్లి పోయేవాడు. కూడు పెట్టేది తాను, ముద్దులు మొగుడికి. ఆరాయికి కడుపు రగిలిపోయింది. నిజం చెప్పాలంటే ఏడుపు కూడా వచ్చింది. కానీ ఎవరి ముందు ఏడుస్తుంది?

మాయాండి చేసేది పెద్ద విద్యేమీ కాదు. ముసలమ్మలు పసిబిడ్డలకు చేసేదే. ముఖం నిండా నవ్వి, రెండు చేతులూ చాచి, కుక్క ముఖం చుట్టూ గాలిలో తిప్పి, వేళ్లు మడిచి తన కణతలకు ఆనించి మెటికలు విరిచేవాడు. నా రాజా, నీ దిష్టంతా నాకే అని దాని అర్థం. ఆ వెంటనే ఒక మురుకు ముక్క. వారం తిరిగేసరికి వీధి చివర నుంచి చేతులు తిప్పినా దొర బాణంలా వచ్చేవాడు.

"నువ్వూ చేయి. మొకం కొంచెం నవ్వించు" అన్నాడు పెళ్లాంతో.

"కన్న కూతురికి చేయలేదు, కుక్కకు చేస్తానా? నాకేం పిచ్చా?"

"ఆమా" అన్నాడు మాయాండి.

ఇంతలో పక్క వీధిలో ఒక పిచ్చికుక్క ముగ్గుర్ని కరిచింది. వీధిలో కనబడ్డ ప్రతి కుక్కనూ పట్టుకుపోతామని మునిసిపాలిటీ వాళ్లు తప్పెట కొట్టించారు. గడప లోపల ఉన్నదాన్ని ముట్టరట. బయట ఉన్నది మళ్లీ తిరిగి రాదు. ఆరాయి ఆ రోజే దొరను నూలుతాడుతో కట్టేసింది. దొర ఆ రాత్రే తాడు కొరికేశాడు. రెండో తాడూ కొరికాడు. మూడోది తనకు పండగ బహుమతి అనుకున్నట్టున్నాడు, నములుతూ తోక ఊపాడు.

బుధవారం ఆరాయికి వారసెలవు. మాయాండి షిఫ్టుకు పోయాడు. ఆమె పొయ్యి ముందు ఉండగా పక్కింటి పాప్పాత్తి కేక వేసింది. "అక్కా! కుక్కల బండి వచ్చేసె! సీక్రం దా!"

ఆరాయి గడప మీదికి పరిగెత్తింది. మిగతా కుక్కలు ఆ కేకలకే గోడలు దూకి మాయమైపోయాయి. దొర ఒక్కడు వీధి కొళాయి దగ్గర కూర్చుని తీరిగ్గా చెవి గోక్కుంటున్నాడు, తెగిన తాడు మెడలో వేలాడుతూ ఉంది. వెనక నుంచి ఒక మనిషి పొడుగాటి కర్రకు తీగ ఉచ్చు బిగించుకుని మెల్లగా వస్తున్నాడు.

"ఒరే సెవిటి సచ్చినోడా! లోపలికి దా రా!"

దొర ఆమెను చూశాడు. ఆ ముఖాన్ని చూశాడు. తోక ముడిచి రెండడుగులు వెనక్కి, ఉచ్చు వైపు వేశాడు. ఆరాయి ఒక అడుగు ముందుకు వేస్తే దొర ఇంకో అడుగు వెనక్కి వేశాడు. తన కాళ్లే తన కుక్కను చావు దగ్గరికి తోస్తున్నాయని ఆమెకు తెలిసిపోయింది. ఆగిపోయింది. నోరు మూసుకుంది.

లైనులో ఆడవాళ్లందరూ గుమ్మాల్లో ఉన్నారు. చూస్తే చూడనీ అనుకుని ఆరాయి గడప మీద చతికిలబడి నవ్వింది. ఎన్నేళ్లుగానో వాడని నవ్వు, ఒక్కసారిగా రాలేదు. ముందు పళ్లు బయటికొచ్చాయి, తర్వాత బుగ్గలు లేచాయి, కనుబొమలు మాత్రం చివరిదాకా మొండికేశాయి. పన్నునొప్పి వచ్చిందేమో అనుకున్నానని పాప్పాత్తి తర్వాత చెప్పింది. రెండు చేతులూ చాచి, గాలిలో తిప్పి, కణతలకు చేర్చి మెటికలు విరిచింది. దొర తల ఒక పక్కకు వాల్చాడు. ఉచ్చు తల మీదికి వచ్చింది. ఆమె మళ్లీ తిప్పింది. కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, పళ్లు నవ్వుతున్నాయి, నోరు దాని మానాన అది అనేస్తోంది.

"నా బంగారు కొండా, నా తెల్ల రాజా, నీ అంత అందగాడు ఈ కోయంబత్తూరులోనే లేడు, దా నాయనా..."

తీగ ఉచ్చు దుమ్ములో పడింది. దొర అప్పటికే గాలిలో ఉన్నాడు. ఆరాయిని వెల్లకిలా పడదోసి, గడప దాటి, ఆమె మీదెక్కి ముఖమంతా నాకాడు.

కర్ర మనిషి గడప బయట నిలబడి అడిగాడు. "ఏం తాయీ, ఈ కుక్కకు చెవుడా?"

"నా కుక్కకు కాదు, నీకు. గడప లోపల ఉన్నదాన్ని ముట్టేది లేదని తప్పెట కొట్టింది మీరే కదా, వినబడలేదా? పో!" అంది ఆరాయి, కింద పడుకునే.

సాయంత్రం మాయాండి రాగానే పాప్పాత్తి అడ్డం వచ్చి కథంతా అభినయించింది. కర్ర, ఉచ్చు, పన్నునొప్పి నవ్వు, మెటికలు, అన్నీ చేతులతోనే చూపించింది. మాయాండి పొట్ట పట్టుకుని నవ్వాడు.

ఆరాయికి మండింది. "నోట్లో ఏం పెట్టుకున్నావే? మాటల్తో చెప్పకూడదా?"

పాప్పాత్తి చేతులు గాలిలోనే ఆగిపోయాయి. "అక్కా, నీకి తెలియదా? అన్నకు చెవులు పోయి రెండేళ్లాయె కదా. మగ్గాల మోత. లైనంతటికీ తెలుసు."

పాప్పాత్తి జారుకుంది. ఆరాయి మొగుడి వైపు తిరిగింది. రెండేళ్లు! రెండేళ్ల తిట్లు, అందులో దాచిపెట్టి ఇచ్చిన ప్రేమంతా, గాలికే పోయిందా? అతనికి అందింది ఈ ముఖం ఒక్కటేనా? "ఆమా, ఆమా" అన్న ప్రతిసారీ ఈ మనిషి కూడా లోపల తోక ముడుచుకున్నాడా?

"చెప్పి చావకూడదా!" అని అరిచింది. మాయాండి ఆమె కనుబొమలు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. అచ్చం దొర వేసినట్టే వేశాడు.

ఆ అడుగు చూసి ఆరాయి నోరు మూసుకుంది. వెళ్లి తలుపు దగ్గరికి వేసింది. మొగుడి ముందు నిలబడి, పొద్దుటికంటే కాస్త నయంగా నవ్వి, రెండు చేతులూ అతని ముఖం చుట్టూ తిప్పి కణతలకు ఆనించుకుంది. పది వేళ్లూ పటపటమన్నాయి. ఆ ఇంట్లో ఆ చప్పుడు విన్నది ఆమె ఒక్కతే.

పిలుపు తనకే అనుకుని దొర ఇద్దరి మధ్య దూరి గంతులు వేశాడు. మాయాండి కళ్లు తుడుచుకుని, కుక్కను కాలితో మెల్లగా పక్కకు జరిపాడు.

"ఇంకొకసారి చేయి" అన్నాడు. "వీడు అడ్డం వచ్చినాడు, నాకి సరిగా కనబడలేదు."