స్టీరియోలో ఉండిపోయిన అమ్మ గొంతు

పోయిన నెల హన్మకొండలో మా పాత కారు క్యాసెట్ స్టీరియో తీయించి బ్లూటూత్‌ది పెట్టించాను. పాతది దుకాణంలోనే వదిలేశాను. మట్టెవాడలో ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. చనిపోయిన మా అమ్మ పాడిన బతుకమ్మ పాటల క్యాసెట్ అందులోనే ఉండిపోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు.

వెనక్కి పరుగెత్తాను. దుకాణాల మధ్య పెరిగిన బుద్ధి కదా, కావాలని తెలిస్తే ఎక్కువ ధర చెబుతాడని మొహం మామూలుగా పెట్టాను.

"అన్నా, అండ్ల పాత క్యాసెట్ ఒకటుండె. లేకున్నా ఫికర్ లేదు."

"గట్లనా? అయితే పారేస్తా" అని దుకాణదారు స్టీరియోలోంచి క్యాసెట్ తీసి చెత్తడబ్బా మీదికి ఎత్తాడు.

"ఆగన్నా, అది మా అమ్మ గొంతు" అని చెయ్యి పట్టేసుకున్నాను.

"గీ ముచ్చట ముందే చెప్పాలె గద సేటూ" అని నవ్వి ఇచ్చేశాడు.

ప్రాణం లేచొచ్చింది. కూరగాయల దగ్గర ఇప్పటికీ వద్దన్న మొహంతోనే బేరమాడతాను. మనసుకు కావాల్సింది మాత్రం కావాలనే అడుగుతున్నాను.