పెద్దమ్మకు వాసనలు తెలియకుండా పోయాక

మా పెద్దమ్మ పోయింది. కొత్తపేట నుంచి ఆవిడ కొడుకు, మా అన్నయ్య, ఫోన్ చేసి, "అమ్మ వెళ్ళిపోయిందే" అన్నాడు. నిద్రలోనే ప్రాణం పోయిందట. పలకరించడానికి వచ్చినవాళ్ళంతా అదృష్టవంతురాలు, బాధపడకుండా పోయిందంటున్నారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతోంది. కొన్నేళ్ళుగా రోజూ కాస్త కాస్త పోతూ వచ్చిన మనిషి గురించి అలా ఎలా అంటారు?

నన్ను కన్న తర్వాత మా అమ్మ ఎక్కువ కాలం బతకలేదు. అమ్మకు అక్క ఈవిడ. పొత్తిళ్ళలో ఉన్న నన్ను కొత్తపేట తీసుకెళ్ళి తన కొడుకుతో పాటు పెంచింది. ముద్దులు పెట్టడం ఆవిడకు చేతకాదు. పిల్లల్ని దగ్గరకు లాక్కుని, మాడు మీద ముక్కు ఆనించి, గుండె నిండా ఊపిరి పీల్చేది. మావైపు పాతకాలపు ఆడవాళ్ళ ముద్దు అదే. నాకు పెళ్ళయి అమలాపురం వెళ్ళాక కూడా, గుమ్మంలో అడుగు పెట్టగానే ముందు నా తల వంచాల్సిందే.

ఓసారి ఇంట్లో గొడవపడి, బస్సులోనే కళ్ళు తుడుచుకుని, మొహం కడుక్కుని మరీ వెళ్ళాను. నవ్వుతూనే తల వంచాను.

"ఏడ్చేవేంటే?" అంది.

"లేదు పెద్దమ్మా."

"నాకు చెప్పకు. ఏడ్చిన తల వాసన వేరేలా ఉంటాది. ముందు అన్నం తిను, తర్వాత చెబుదువుగాని."

అన్నం పెట్టింది. నేను తినేదాకా పక్కనే కూర్చుంది.

పెదనాన్నది కొబ్బరి వ్యాపారం. కురిడీకి, అంటే ఎండుకొబ్బరికి, అటక మీద ఎండబెట్టిన వందల కాయల్లో ఒకటి కుళ్ళితే, పెరట్లో అంట్లు తోముకుంటున్న పెద్దమ్మకు తెలిసిపోయేది. "ఒకటి పోయిందండీ, దింపించండి" అని అక్కణ్ణుంచే కేకేసేది. "మీ పెద్దమ్మని జాగిలాలు పెంచే పోలీసోళ్ళు చూడలేదు కాబట్టి మనకి మిగిలింది" అని పెదనాన్న వేళాకోళం చేసేవారు.

కరోనా వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ వాసన పోయింది. మిగతావాళ్ళందరికీ తిరిగొచ్చింది, ఆవిడకు రాలేదు. పెద్దవయసు కదా, నెమ్మదిగా వస్తుందిలే అనుకున్నాం. ఆవిడ కూడా ఎప్పుడూ ఫిర్యాదు చేయలేదు. మావైపు మర్యాద ఎలాంటిదంటే, ఎదుటివాళ్ళు ఆదరంగా ఇచ్చినదాన్ని బాగాలేదని చచ్చినా అనం. పక్కింటావిడ పులిహోర తెచ్చి "ఇంగువ ఘాటు సరిపోయిందాండీ?" అంటే, "ఆయ్, భేషుగ్గా ఉందండి" అనేది. ఆ మర్యాద చాటున జబ్బు హాయిగా కాపురం పెట్టేసింది.

ఒకరోజు అన్నయ్య ఇంటికొచ్చేసరికి వంటిల్లంతా గ్యాసు కంపు. పొయ్యి వెలిగించకుండానే మర తిప్పి వదిలేసి, పక్కనే కూర్చుని తోటకూర వలుచుకుంటోందట. అన్నయ్య వెంటనే కాకినాడలో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. నేనూ వెళ్ళాను. ఆ డాక్టరమ్మ మాకన్నా చిన్నది. చిన్న చిన్న సీసాలు తెచ్చి ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టింది.

"ఇదేం వాసనమ్మా?"

"మంచి వాసనండి."

అది కాఫీ పొడి.

"ఇదో?"

"ఇదీ మంచిదేనండి."

అది లవంగం. చివరి సీసాలో ఉత్త నీళ్ళే ఉన్నాయి.

"ఇది ఇంకా బాగుందండి" అంది పెద్దమ్మ, ఆ పిల్ల కష్టపడుతోందని జాలిపడి.

నవ్వొచ్చింది. మొహం పక్కకు తిప్పుకున్నాను.

డాక్టరమ్మ మమ్మల్ని బయటకు పిలిచింది. "ముక్కు బాగానే ఉందండి. ముక్కు పట్టిన వాసనని ఇది ఫలానాదని పోల్చుకునే చోటు మెదడులో, కణతల లోపలగా ఉంటుంది. జ్ఞాపకాల చోటు దానికి ఆనుకునే ఉంటుంది. మతిమరుపు జబ్బు చాలామందిలో ఆ చుట్టుపక్కలే మొదలవుతుంది. అందుకే మనుషుల్ని మరిచిపోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే కొందరికి వాసనలు పోతాయి" అంది.

ఆ మాట నాకు అర్థమైంది గానీ మనసు ఒప్పుకోలేదు. వాసన తగిలితే పాత సంగతులు గుర్తొస్తాయని అందరూ అంటారు కదా. అందుకని ప్రతి ఆదివారం ఏదో ఒకటి పట్టుకెళ్ళేదాన్ని. సంపెంగలు, అప్పుడే కాచిన నెయ్యి, తొలకరి వానకు తడిసిన మట్టి కూడా. అన్నిటికీ "బాగుందండి" అనేది. ఏ తలుపు ముందు మూసుకుపోయిందో ఆ తలుపునే తడుతున్నానని నాకు తెలుసు. అయినా తట్టడం మానలేకపోయాను. పోనుపోను నన్ను కూడా మరిచిపోయింది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నన్ను పోల్చుకుంటే చాలనిపించేది.

కిందటి నెల వెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చుని చెయ్యి పట్టుకున్నాను.

"తమరు ఎవరి తాలూకండీ?" అని అడిగింది.

"మీ చెల్లెలి కూతుర్ని, పెద్దమ్మా."

"ఆయ్" అంది. ఏమీ అర్థం కానప్పుడు కూడా అలాగే అనేది. మళ్ళీ తనే, "మాకూ ఒక పిల్ల ఉందండి. అమలాపురం నుంచి రావాలి. ఇంకా రాలేదు" అంది.

"వచ్చేస్తుంది లెండి" అన్నాను.

"వస్తాదండి. ఆ పిల్ల వచ్చిందంటే నాకు చూడక్కర్లేదు, కళ్ళు మూసుకున్నా తెలిసిపోద్ది." ఆ మాట అంటున్నంతసేపూ నా చెయ్యి ఆవిడ చేతిలోనే ఉంది.

పొద్దు వాలుతుంటే లేచాను. "చీకటి పడకుండా వెళ్ళండి, మీ అమ్మగారు కంగారు పడతారు" అంటూ గేటు దాకా సాగనంపింది. ఎదురుగానే బస్సు ఆగింది. "దారిలో మా పిల్ల కనిపిస్తే, అన్నం తినకుండా కూర్చున్నానని చెప్పండి" అంది.

"చెబుతానండి" అన్నాను.

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని చెయ్యి ఊపాను. పెద్దమ్మ నా వైపు చూడలేదు. గేటు పట్టుకుని ముందుకు వంగి, ఆ బస్సులోంచి దిగుతున్న ఒక్కొక్కరి మొహంలోకీ చూస్తోంది.